మన కొండల అడుగున ఏముంది?
పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో హిమాలయాలు ఎలా లేచాయో రాశాం. దానికి రాయగడ, గుణుపురం, కోరాపుట్, పర్లాకిమిడి, బరంపురం వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఒకే మాట తిరిగి తిరిగి కనబడింది: హిమాలయాల సంగతి సరే, మా కొండల సంగతేమిటి? అడగాల్సిన ప్రశ్నే. తూర్పు కనుమలు హిమాలయాల కంటే చాలా పాతవి. హిమాలయాల అడుగున ఈ రోజు జరుగుతున్నది మన కొండల అడుగున ఎప్పుడో జరిగిపోయింది. ఆ లోపలి రాయి ఇప్పుడు మన చేతికందే చోట ఉంది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఒడిశా సరిహద్దు జిల్లాల పాఠకులకే ఇచ్చాం.

*

ప్రశ్న: భూమి పలకలు కరిగిన రాతి మీద తేలుతున్నాయని చదివాను. మా వీధిలో 400 అడుగుల బోరు వేస్తే చల్లటి నీళ్లే పడ్డాయి. ఆ కరిగిన రాయి ఎంత లోతులో మొదలవుతుంది?
*ప్లస్ టూ విద్యార్థిని, రాయగడ*

జవాబు: కరిగింది మొదలయ్యేది 2,900 కిలోమీటర్ల లోతులోనమ్మా. అది కూడా రాయి కాదు, ఇనుము. అంతవరకూ ఉన్నది దాదాపు అంతా గట్టి రాయే. మీరు చదివిన వాక్యం చాలా పుస్తకాల్లో ఉంది, అది తప్పు.

గట్టిదని ఎలా తెలుసంటే, భూకంప తరంగాల వల్ల. వాటిలో ఒక రకం రాతిని పక్కకు ఊపుతూ పోతుంది. ద్రవంలోంచి అది పోలేదు, ఎందుకంటే ద్రవాన్ని పక్కకు లాగితే తిరిగి వెనక్కి రాదు. ఆ తరంగం 2,900 కిలోమీటర్ల వరకూ హాయిగా పోయి అక్కడ ఆగిపోతుంది.

మీ కాళ్ల కింద భూపటలం మందం సుమారు 35 నుంచి 40 కిలోమీటర్లు. సముద్రం అడుగున అయితే 6, 7 కిలోమీటర్లే. పలక అంటే ఈ పటలం ఒక్కటే కాదు. దాని కింద అంటుకుని ఉన్న బరువైన రాతిని కూడా కలుపుకుని ఖండాల కింద 100 కిలోమీటర్లకు పైబడే దిమ్మ అది. ఆ దిమ్మ అడుగున వేడి 1,300 డిగ్రీల దగ్గరకు చేరుతుంది. ఆ వేడికి రాయి కరగదు, ఎందుకంటే పైనున్న బరువు కరగనివ్వదు. కానీ మెత్తబడుతుంది. తారు డబ్బా చూసే ఉంటారు. చలికాలం పొద్దున్న సుత్తితో కొడితే తారు పెంకులా పగులుతుంది. అదే డబ్బాని ఒరిగించి వారం రోజులు వదిలేస్తే అంచు దాటి జారుతుంది. దెబ్బకి గట్టిది, కాలానికి మెత్తది. పలకల కిందున్న రాయి కూడా అంతే. అది ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు జరుగుతుంది.

నిజంగా రాయి కరిగేది రెండు తావుల్లోనే ఎక్కువ. పలకలు విడిపోయే చోట కింది రాయి పైకి లేచి బరువు తగ్గుతుంది, అప్పుడు కరుగుతుంది. ఒక పలక ఇంకొకదాని కిందికి దిగే చోట సముద్రపు నీరు లోపలికి పోయి రాయి కరిగే వేడిని తగ్గిస్తుంది. అండమాన్‌లో బారెన్ ద్వీపం రెండో రకం.

ఇక మీ బోరు: పాత గట్టి నేలల్లో కిలోమీటరు లోతుకి వేడి 20 డిగ్రీలో 25 డిగ్రీలో పెరుగుతుంది. 400 అడుగులంటే 122 మీటర్లు. పెరిగేది 3 డిగ్రీలకు మించదు. రష్యాలో కోలా దగ్గర 12,262 మీటర్లు తవ్వారు. అక్కడ 180 డిగ్రీలు తగిలింది, రాయి మాత్రం రాయిగానే ఉంది.

*

ప్రశ్న: మన దేశం ఏడాదికి 5 సెంటీమీటర్లు కదులుతోందంటారు. ఇంత బరువుని తోసేది ఏమిటి? అంత చిన్న కదలికని ఎలా కొలుస్తారు? పిల్లలకి చెప్పుకునే తేలిక లెక్క ఏమైనా ఉందా?
*రిటైరైన సైన్సు మాస్టారు, గుణుపురం*

జవాబు: లెక్కతోనే మొదలుపెడదాం మాస్టారూ. ఏడాదికి 1 మిల్లీమీటరు అంటే 10 లక్షల ఏళ్లకి 1 కిలోమీటరు. ఇదొక్కటి పిల్లలకి పట్టుబడితే మిగతా అంతా కూడికలూ హెచ్చవేతలే. ఏడాదికి 5 సెంటీమీటర్లంటే 50 మిల్లీమీటర్లు, అంటే 10 లక్షల ఏళ్లకి 50 కిలోమీటర్లు. చేతి గోరు పెరిగే వేగం కూడా ఇంచుమించు ఇదే. మన దేశం ఎప్పుడూ ఇదే నడకన లేదు. సుమారు 6 కోట్ల ఏళ్ల కింద ఏడాదికి 15 సెంటీమీటర్లు దాటి పరుగెత్తింది, ఆసియాని గుద్దుకున్నాక నెమ్మదించింది.

కొలవడానికి జీపీఎస్ వాడతారు. ఫోన్‌లో ఉండేది మీటర్ల తేడాతో చెబుతుంది, దానితో కుదరదు. మట్టి మీద కాకుండా గట్టి రాతిలోకి దించిన దిమ్మె మీద యాంటెన్నా బిగిస్తారు. అది ఏళ్ల తరబడి పగలూ రాత్రీ వింటూనే ఉంటుంది. ఒక రోజు కొలతలన్నీ సగటు తీస్తే తేడా మిల్లీమీటర్లలోకి వస్తుంది. బెంగళూరులోనూ హైదరాబాదులోనూ అలాంటి కేంద్రాలున్నాయి. దిమ్మెని నల్లరేగడిలో పాతితే ఏమవుతుందో మీకు తెలుసు: వానకి ఉబ్బి, ఎండకి కుంగి, నేల కదలికని పలక కదలికగా చూపిస్తుంది.

తోసేదాని కంటే లాగేదే ఎక్కువ. సముద్రాల నడుమ ఉండే కొండవరసల దగ్గర కొత్త పటలం వేడిగా పుడుతుంది. అక్కణ్ణుంచి దూరం జరిగేకొద్దీ చల్లారి, బరువెక్కి, కుంగుతుంది. పుట్టినచోట సముద్రం లోతు రెండున్నర కిలోమీటర్లు, ముసలిదయ్యాక అయిదారు కిలోమీటర్లు. చివరికి కిందున్న రాతి కంటే బరువై దానిలోకి దిగిపోతుంది. మంచం అంచు దాటి సగం వేలాడే దుప్పటి మిగతా సగాన్ని కూడా లాక్కుని జారినట్టు, దిగిన ముక్క వెనకున్న పలకని లాగుతుంది. అందుకే సముద్రపు అడుగున 20 కోట్ల ఏళ్లు దాటిన పటలం దొరకడం బహు అరుదు. ఖండాల రాయి తేలికది కాబట్టి మునగదు. బస్తర్ వైపు 250 కోట్ల ఏళ్లు దాటిన రాళ్లు అలా మిగిలినవే.

*

ప్రశ్న: ఇంటికని కొండ దగ్గర రాయి తెప్పించాం. పగలగొడితే ఎర్రటి గింజలు కనబడుతున్నాయి, నల్లటి మెరుపు చేతికి అంటుతోంది. కొన్ని దిమ్మలు వేళ్లతో నలిపితే పొడి అవుతున్నాయి. ఇదేం రాయి? గోడకి పనికొస్తుందా? దీనికీ మీరు రాసే పలకలకీ సంబంధం ఉందా?
*ఒక పాఠకుడు, దమన్‌జొడి దగ్గర, కోరాపుట్ జిల్లా*

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. మీ గుమ్మం ముందున్న ఆ రాతి కుప్పలోనే తూర్పు కనుమల పుట్టుక అంతా ఉంది.

అది ఖోండలైట్. మీ కొండల్లో ఉండే కొంధు ఆదివాసీల పేరు మీదనే 1902లో వాకర్ అనే భూవిజ్ఞాని ఆ పేరు పెట్టాడు. శ్రీలంకలోనూ దాన్ని అదే పేరుతో పిలుస్తారు. ముందు మీరే రూఢి చేసుకోండి. ఎండకీ వానకీ మాగిన పైముఖం చూడొద్దు, సుత్తితో కొట్టి కొత్త ముఖం తీయండి. తడిపి, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం పెట్టండి. దానిమ్మ గింజ రంగులో గుండ్రంగా ఉన్నవి గార్నెట్లు, మేకు గీత పడదు. తెల్లటి సన్న నారలా, ఒకే దిక్కుకి దువ్వినట్టు ఉండేది సిల్లిమనైట్. కాగితం మీద రుద్దితే పెన్సిలు గీత పడేది గ్రాఫైట్. గాజులా ఉన్నది క్వార్ట్జ్. మీ కుప్పలో ఎక్కడైనా నూనె రాసినట్టు ముదురు ఆకుపచ్చ, నీలి నలుపు రంగు దిమ్మ ఉంటే అది వేరే, దాన్ని చార్నకైట్ అంటారు. అది గట్టిది.

ఇప్పుడు ఆ గింజల అర్థం. సిల్లిమనైట్‌లో అల్యూమినియం ఎక్కువ. అంత అల్యూమినియం ఒక్కచోట చేరేది బంకమట్టిలో. గ్రాఫైట్ అంటే బొగ్గుపదార్థం, అది బురదలో కలిసి కుళ్లిన జీవపదార్థం. అంటే మీ కొండరాయి ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బురద, ఇసుక. ఆ బురద గార్నెట్టూ సిల్లిమనైట్టూ కావాలంటే మామూలు వేడి చాలదు. ఈ కొండల్లోని కొన్ని రాళ్లు 900 డిగ్రీలు దాటిన వేడిని, 25 నుంచి 30 కిలోమీటర్ల లోతు బరువుని చూశాయని వాటి ఖనిజాల కూర్పే చెబుతోంది. ఒడ్డున ఉన్న బురదని అంత లోతుకి తోసే శక్తి రెండు ఖండాల గుద్దుడుకి తప్ప ఉండదు. అది సుమారు 100 కోట్ల ఏళ్ల కింద మొదలైంది. పడమట బస్తర్ నేల, తూర్పున ఇప్పటి అంటార్కిటికా నేల, నడుమ నలిగినది మన తూర్పు కనుమలు. సీలేరు పొడవునా రాళ్లు సాగి, నలిగి, పొరలు పొరలుగా కనిపించే పట్టీ ఒకటి ఉంది. బస్తర్ నేలకీ కనుమలకీ పడిన అతుకు అదే.

అంత లోతున వండిన రాయి పైకెలా వచ్చిందనేది అందరూ అడిగే ప్రశ్న. పైనున్న 25 కిలోమీటర్లు కోసుకుపోవాలి కదా, అంత ఎత్తు కొండలు ఎక్కడివి? అంత ఎత్తు అక్కర్లేదు. లగేజీ పడవలోంచి బస్తాలు దించుతుంటే పడవ పైకి తేలుతుంది. పటలమూ కిందున్న బరువైన రాతి మీద అలాంటి పడవే. పటలం సాంద్రత నీటికి 2.8 రెట్లు, కింది రాతిది 3.3 రెట్లు. వానలకీ నదులకీ ఒక కిలోమీటరు మందం కొట్టుకుపోతే అడుగు నుంచి 850 మీటర్లు పైకి లేస్తుంది. ఎత్తు తగ్గేది 150 మీటర్లే. ఈ లెక్కన 25 కిలోమీటర్లు గీకేయడానికి 4 కిలోమీటర్ల ఎత్తు కొండలు చాలు. ఇప్పుడు మనం తిరుగుతున్నది ఆ కొండల వేళ్ల మీద. 1,672 మీటర్ల దేవమాలి శిఖరం కూడా ఒకప్పటి లోపలి భాగమే. ఈ ఎత్తు పూర్తిగా పాత కొండల మిగులు కాదు. తరవాత అంటార్కిటికా విడిపోయినప్పుడు చీలిక అంచు మళ్లీ లేచింది.

పొడి అవుతున్న దిమ్మల సంగతి. లోతులో కుదురుగా ఉన్న ఖనిజాలకి వాననీరు పడదు. ఫెల్డ్‌స్పార్ అనే లేత రంగు ఖనిజం తెల్లబంకగా మారుతుంది, గార్నెట్‌లోని ఇనుము తుప్పుపట్టి గోధుమ మరక వదులుతుంది. కోణార్క గుడి ఎక్కువ భాగం ఈ రాతితోనే కట్టారు, ఉప్పుగాలికి అది తింటున్న దెబ్బ అదే. ఇదే పని చదునైన కొండ నెత్తిన, వేడీ వానా ఉన్న చోట, లక్షల ఏళ్లు సాగితే సిలికా అంతా కడుక్కుపోయి అల్యూమినియం మిగులుతుంది. మీ పక్కనున్న పంచపట్మాలి బాక్సైట్, అంటే అల్యూమినియం తీసే ముడిరాయి, అలా పుట్టింది. మన పలక దక్షిణం నుంచి ఉత్తరానికి వస్తూ భూమధ్యరేఖ వాన పట్టీ దాటకపోతే ఆ గని ఉండేది కాదు.

గోడకి ఏ దిమ్మ పనికొస్తుందో ఇలా చూడండి. సుత్తితో తడితే ఖణేల్ మనాలి, మొద్దుగా పలికితే పక్కన పెట్టండి. ఎండిన ముక్కని తూచి, 24 గంటలు నీళ్లలో నానబెట్టి, పైతడి తుడిచి మళ్లీ తూచండి. 2 కిలోల ముక్క 100 గ్రాములకు మించి నీరు తాగితే, అంటే 5 శాతం దాటితే, ఆ రాయి బయటి గోడకి వద్దు. ఖోండలైట్‌లో పొరల దిక్కు స్పష్టంగా కనిపిస్తుంది. గోడలో ఆ పొరలు పడుకుని ఉండాలి, పుస్తకాన్ని బల్ల మీద పెట్టినట్టు. తొందరలో నిలువుగా పెడితే బరువుకి, నీటికి పైపొర పెచ్చుల్లా ఊడుతుంది. పునాదికి చార్నకైట్ దొరికితే అదే మేలు.

*

ప్రశ్న: మహేంద్రగిరి రాయి, అంటార్కిటికా రాయి ఒకటేనని విన్నాను. నిజమేనా? ఎవరు ఎలా తేల్చారు?
*డిగ్రీ విద్యార్థి, పర్లాకిమిడి*

జవాబు: రెండూ ఒకే పర్వతశ్రేణి ముక్కలన్నది నిజం. అంటార్కిటికా తూర్పు భాగంలో రేనర్ అనే ప్రాంతం ఉంది. మన వైపు కనబడే చార్నకైట్లు, గార్నెట్ రాళ్లు అక్కడా ఉన్నాయి. పోలిక ఒక్కటే అయితే నమ్మక్కర్లేదు, చూపుకి ఒకేలా ఉండే రాళ్లు లోకంలో చాలా ఉన్నాయి. తేల్చింది వయసు.

రాయిని దంచి, బరువు ద్రవాలతో, అయస్కాంతంతో వేరుచేసి జిర్కాన్ అనే ఖనిజపు గింజలు ఏరుతారు. చాలావాటి సైజు మిల్లీమీటరులో పదో వంతు. జిర్కాన్ పెరిగేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. కాబట్టి ఇవాళ లోపలున్న సీసం యురేనియం విరిగి పుట్టిందే. యురేనియం 238 సగం అవడానికి 447 కోట్ల ఏళ్లు, యురేనియం 235కి 70 కోట్ల ఏళ్లు. ఒకే గింజలో రెండు గడియారాలన్నమాట. రెండూ ఒకే వయసు చెబితే నమ్మవచ్చు. తరవాతెప్పుడో రాయి మళ్లీ కాగి కొంత సీసం కారిపోతే రెండూ వేరు వేరుగా చెబుతాయి, మోసం అక్కడ బయటపడుతుంది. ఇంకో చిక్కు: గింజ నడుమ పాత భాగం ఉండి, దాని చుట్టూ గుద్దుడు నాటి కొత్త పొర పెరిగి ఉంటుంది. గింజ మొత్తాన్ని కరిగించి కొలిస్తే రెండూ కలిసిపోయి, ఎప్పుడూ జరగని సంఘటనకి తేదీ వస్తుంది. అందుకే సన్నటి అయాన్ల కిరణంతో పొరని విడిగా కొలుస్తారు. అలా కొలిస్తే మన వైపూ రేనర్ వైపూ 100 కోట్ల నుంచి 90 కోట్ల ఏళ్ల వయసులే వచ్చాయి.

విడిపోవడం సుమారు 13 కోట్ల ఏళ్ల కింద. రెండు ఖండాలు గుద్దుకున్న పట్టీలోనే చీలిక రావడం యాదృచ్ఛికం కాదు, అలాంటి పాత పట్టీయే బలహీనం. మహానది బొగ్గు లోయ, అంటార్కిటికాలోని లాంబర్ట్ లోయ ఒకే చీలిక రెండు కొసలని చాలామంది భూవిజ్ఞానులు చెబుతారు. మన దేశం, అంటార్కిటికా కలిసి ఉన్న ఆ పాత మహాఖండాన్ని గోండ్వానా అంటారు, గోండుల పేరు మీద. మన కొండల్లోని ఇద్దరు ఆదివాసీ జనాల పేర్లు ప్రపంచమంతా చదివే భూగర్భశాస్త్రంలో నిలిచిపోయాయి. సరిహద్దు జిల్లాల బళ్లలో ఈ మాట చెప్పరు, చెప్పాలి.

*

ప్రశ్న: తప్తపాణి దగ్గర వేడినీళ్లు వస్తున్నాయంటే కింద అగ్నిపర్వతం ఉన్నట్టేనా?
*గృహిణి, బరంపురం*

జవాబు: లేదమ్మా. కొండ మీద పడ్డ వాన పగుళ్ల వెంట బాగా లోతుకి దిగి, అక్కడి వేడి పట్టుకుని, చల్లారే లోపు ఇంకో పగులు గుండా త్వరగా పైకి వస్తోంది. కిలోమీటరుకి 20, 25 డిగ్రీల లెక్క పైన చెప్పాం, ఆ వేడికి అది చాలు. గంధకం వాసన కూడా దారిలో రాళ్ల నుంచి కరిగి వచ్చిందే.

*

ప్రశ్న: మాది పలక అంచు కాదు కదా, భూకంపం భయం ఉండకూడదు. అయినా రాతి గోడల ఇంటికి జాగ్రత్త పడమని ఇంజినీరు అంటున్నారు. ఖర్చు దండగ కాదా?
*ఇల్లు కడుతున్న పాఠకుడు, పర్లాకిమిడి*

జవాబు: దండగ కాదు. ఇంజినీరు మాట వినండి.

పలక అంచున ఆసియాతో తోపులాట జరుగుతుంటే ఆ ఒత్తిడి దిమ్మ మొత్తానికీ పాకుతుంది. లోపల ఎక్కడో పాత పగులు ఉంటే అక్కడ జారుతుంది. మహారాష్ట్ర కిల్లారిలో 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలకి వచ్చిన 6.2 తీవ్రత భూకంపం అలాంటిదే. అప్పటి భూకంప ప్రమాద పటంలో ఆ ఊరు అన్నిటికంటే తక్కువ ప్రమాదమున్న ఒకటో జోన్‌లో ఉండేది. 2002లో ఆ జోన్‌నే తీసేసి రెండులో కలిపేశారు. ఆ 2002 పటంలో దక్షిణ ఒడిశా చాలా భాగం జోన్ 2. ప్రమాదం తక్కువ అని దాని అర్థం, లేదని కాదు.

కిల్లారిలో చంపింది ఊపు కంటే గోడలు. గుండ్రటి రాళ్లతో లోపలి ముఖం, బయటి ముఖం విడివిడిగా పేర్చి, నడుమ మట్టీ రాళ్లముక్కలూ పోసిన లావు గోడలవి. మీద మట్టి కప్పిన బరువు మిద్దెలు. ఊపు రాగానే రెండు ముఖాలూ చెరో వైపు ఉబ్బి విడిపోయాయి, మిద్దె నిద్రపోతున్నవాళ్ల మీద పడింది.

మీరు చేయవలసింది: గోడ మందం 450 మిల్లీమీటర్లు దాటనీయొద్దు. లావు గోడ గట్టిదన్న నమ్మకమే ప్రమాదం. రాళ్లని చెక్కించి కోణాలు తీయించండి. ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పట్టే పొడవు రాయి, ఎత్తులో ప్రతి 600 మిల్లీమీటర్లకి ఒక వరుసన, పొడవులో 1.2 మీటర్లకు మించని ఎడంతో పెట్టించండి. అంత రాయి దొరక్కపోతే గోడ మందంలో ముప్పాతిక వంతు ఉన్న రెండు రాళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా పెట్టినా సరే. మట్టి అడుసు వద్దు, ఒక పాలు సిమెంటుకి ఆరు పాళ్ల ఇసుక కలిపి వాడండి. తలుపులు కిటికీల మీద, ఇంటి చుట్టూ ఎక్కడా తెగకుండా 75 మిల్లీమీటర్ల కాంక్రీటు పట్టీ పోయించండి. అందులో కనీసం 8 మిల్లీమీటర్ల కమ్మీలు రెండు, ప్రతి 150 మిల్లీమీటర్లకి 6 మిల్లీమీటర్ల కట్టు. మేస్త్రీలు కిటికీ మీద మటుకు పోసి వదిలేస్తారు. మూలల దగ్గర కమ్మీ వంచి రెండో గోడలోకి పోనివ్వకపోతే ఆ పట్టీ ఉన్నా లేనట్టే. పోత పోసే రోజు మూలలు నాలుగూ మీరే చూసుకోండి.

*

ప్రశ్న: 2004లో వచ్చినట్టు సునామీ మా తీరానికి మళ్లీ వస్తుందా? మా ఊరి కింద పగులు ఉందా? వస్తే మాకెంత సేపు ఉంటుంది?
*చేపల వేటకి వెళ్లే పాఠకుడు, గోపాల్‌పూర్ దగ్గర, గంజాం జిల్లా*

జవాబు: మీ ఊరి కింద పలక అంచు లేదు. మన తూర్పు తీరం పాత చీలిక ఒడ్డు. అసలు అంచు అండమాన్, సుమత్రా పొడవునా ఉంది, అక్కడ మన పలక కిందికి దిగుతోంది. దిగేటప్పుడు పై పలక అంచుని పట్టుకుని వంచుతుంది. పట్టు తప్పగానే ఆ అంచు వింటిబద్దలా లేచి మీదున్న నీటిని ఎత్తుతుంది. 2004 డిసెంబరు 26న సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున పట్టు తప్పింది, తీవ్రత 9.1.

వేగం లోతుని బట్టి ఉంటుంది. లోతుని మీటర్లలో తీసుకుని 9.8తో హెచ్చవేసి వర్గమూలం తీయండి, సెకనుకి ఎన్ని మీటర్లో వస్తుంది. బంగాళాఖాతంలో 2,600 మీటర్ల లోతు దగ్గర అది 160, అంటే గంటకి సుమారు 575 కిలోమీటర్లు. అండమాన్ నుంచి మీకు 1,200 కిలోమీటర్లు. రెండు గంటలు ఉంటుంది. 2004లో ఆ రెండు గంటలు ఎవరికీ ఉపయోగపడలేదు, చెప్పేవాళ్లు లేరు. 2007 నుంచి హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం హెచ్చరికలు ఇస్తోంది. మీ జిల్లాలోని వెంకటరాయిపూర్‌కి 2020లో యునెస్కో సునామీకి సిద్ధమైన ఊరుగా గుర్తింపు ఇచ్చింది. అక్కడ దారులు, చేరే చోట్లు ముందే గీసి పెట్టుకున్నారు. మీ ఊరి పెద్దలు వెళ్లి ఆ పటం చూసిరావడం మంచిది.

లోతు సముద్రంలో ఉన్నప్పుడు హెచ్చరిక వస్తే పడవని ఒడ్డుకి తిప్పకండి. 2004లో అల బయలుదేరిన రెండు గంటలకి ఉపగ్రహం కొలిస్తే నడిసముద్రంలో దాని ఎత్తు సుమారు 60 సెంటీమీటర్లే, పడవలో ఉన్నవాళ్లకి తెలియను కూడా తెలియదు. అది లేచేది లోతు తగ్గే ఒడ్డు దగ్గర. ఒడ్డున ఉంటే వలా ఇంజనూ వదిలేసి ఎత్తుకి పోండి. సముద్రం వెనక్కి పోయి నేల బయటపడితే చేపలు ఏరడానికి దిగొద్దు. మొదటి అల తరవాత ఊరికి తిరిగి రావొద్దు, రెండోది మూడోది పెద్దవి కావచ్చు, నడుమ గంట ఎడం కూడా ఉండవచ్చు. ప్రమాదం పోయిందని అధికారులు చెప్పేవరకూ ఎత్తు మీదనే ఉండండి.